పొడుగువాళ్లున్నా పాయింట్లు ఆగట్లేదేం?

ప్రశ్న: నేను ఇండియానాలో ఎమ్మెస్ చేస్తున్నా. మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీంలో ఏడడుగుల దగ్గర ఇద్దరున్నారు, అయినా అవతలివాళ్లు రింగు కింద ఈజీగా వేసేస్తున్నారు. హైట్‌ని డిఫెన్స్‌కి ఎలా వాడాలండీ?
– ఓ పాఠకుడు

జవాబు: ముందు ఆ పొడుగాయన ఎక్కడ నిలబడుతున్నాడో చూడండి. కొందరు కోచ్‌లు స్క్రీన్ (అవతలివాడొకడు మనవాడికి అడ్డంగా నిలబడి దారి ఆపడం) పడగానే సెంటర్‌ని, అంటే రింగు దగ్గర ఆడే పొడుగాయన్ని కూడా త్రీ పాయింట్ లైన్ దాకా తరిమేస్తారు, అక్కడ బంతి నడిపే చిన్న గార్డు రయ్యిమని దాటేస్తే ఇంక రింగు దగ్గర దిక్కెవరు? ఆయన్ని వెనక్కి, పెయింట్‌లోనే (రింగు ముందు రంగు వేసిన చోటు) ఉంచాలి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఎవర్నీ గార్డ్ చెయ్యకుండా అక్కడ మూడు సెకన్లు మించి నిలబడకూడదు, కాలేజీ ఆటలో ఆ రూలే లేదు, మరి వాడుకోరేం!

మీ ఇండియానా టీం పర్డ్యూ ఆడిన 2024 కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ చూడండి. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) వాళ్లు పర్డ్యూ సెంటర్, 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ మీదకి 7 అడుగుల 2 అంగుళాల డొనొవన్ క్లింగన్‌ని పెట్టి, డబుల్ టీమ్ (ఒక్కడి మీదకి ఇద్దరు పోవడం) జోలికి పెద్దగా పోలేదు. ఈడీ 37 పాయింట్లు కొట్టాడు, కొట్టనీ అనుకున్నారు, మిగతా షూటర్లని మాత్రం వదల్లేదు, దాంతో పర్డ్యూ మ్యాచ్ మొత్తంలో వేసిన త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) 7, పడింది ఒకటే, యూకాన్ 75-60తో గెలిచింది. నన్నడిగితే హైట్ వల్ల అసలు లాభం బ్లాకులు కాదు, మిగతా నలుగురూ సాయానికి పరిగెత్తే పని తప్పడం.

ఇద్దర్నీ కలిపి దించాలంటే 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు తలో చోటు కాయడం) ట్రై చెయ్యొచ్చు, కానీ మూలల నుంచి వేసే కార్నర్ త్రీలు జాగ్రత్త. చేతులు నిటారుగా పైకెత్తి ఎగరమనండి, కిందికి కొట్టి అవతలివాడికి తగిలితే ఫౌలే, అయిదు ఫౌల్స్ పడితే ఎంత పొడుగున్నా బెంచీ మీదే.