భుజానికి ఇంజక్షన్... షుగరేమో 328!

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 58 ఏళ్ళు. షుగర్ చాలా ఏళ్ళ నుంచి ఉంది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500, పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. వాడుతున్నాను. ఎడమ భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవకపోతే ఎముకల డాక్టరు కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. నొప్పి తగ్గింది కానీ మర్నాడు మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకి చూసుకుంటే 328! పొద్దున పరగడుపున మాత్రం 146. మా వారు అన్నం పూర్తిగా మానెయ్యమంటున్నారు, పక్కింటావిడ గ్లిమిపిరైడ్ రెండు వేసుకోమంటోంది. ఒక్క ఇంజక్షన్‌కే ఇంత పెరుగుతుందా? ఇలాగే ఉండిపోతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పెరుగుతుందమ్మా. ఉండిపోదు. ముందు ఆ రెండు మాటలూ విని కాస్త స్థిమితపడండి.

కీలులోకి ఇచ్చినా ఆ మందు అక్కడే ఉండిపోదు, కొంత రక్తంలోకి చేరుతుంది. దాంతో కాలేయం మామూలు కంటే ఎక్కువ గ్లూకోజ్ వదులుతుంది, కండరాల మీదేమో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. అందుకే మీరు రోజూ తినే అన్నమే, అంతే తిన్నా, మీటర్ అంకె మాత్రం ఎక్కడికో పోతుంది. చాలామందిలో ఇంజక్షన్ చేసిన కొన్ని గంటలకే మొదలై, మొదటి ఒకటి రెండు రోజులు బాగా ఎక్కి, నాలుగైదు రోజుల్లో దిగొస్తుంది. కొందరికి వారం, పది రోజులు కూడా పట్టవచ్చు, అది ఏ మందు ఇచ్చారు, ఎంత డోసు, అంతకుముందు షుగర్ అదుపులో ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మీ ఉత్తరంలో నాకు నచ్చింది మీరు మధ్యాహ్నం చూసుకోవడం. మనలో ఎక్కువమంది పొద్దున్నే పరగడుపున ఒకసారి వేలు గుచ్చుకుని, 140 ఉంది, పర్లేదులే అనుకుని రోజంతా మర్చిపోతారు. స్టెరాయిడ్ దెబ్బ ఎక్కువగా పడేది తిన్న తర్వాత షుగర్ మీద, అందులోనూ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. కాబట్టి ఈ వారం పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకి ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి చూసి, టైముతో సహా కాగితం మీద రాసి పెట్టండి. గుచ్చుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. మామిడిపండు తిన్న వేలితో చూసుకుని అంకె చూసి బెంబేలెత్తినవాళ్ళు చాలామందే ఉన్నారు!

ఇక పక్కింటావిడ సలహా. దయచేసి వద్దు. గ్లిమిపిరైడ్ రెండు వేసుకుంటే ఈ రెండు రోజులూ బాగానే ఉందనిపించవచ్చు, స్టెరాయిడ్ ప్రభావం దిగిపోయాక అదే డోసుతో షుగర్ 70 కిందికి పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరుగుతాయి. మీ వారు చెప్పినట్టు అన్నం మానేసి ఈ మాత్ర వేసుకున్నా అదే జరుగుతుంది. అలా అనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్ళీ చూసుకోండి. డోసు పెంచాలా, కొన్నాళ్ళు ఇన్సులిన్ వాడాలా అన్నది మీరు రాసిన కాగితం చూసి మీ షుగర్ డాక్టరు చెప్పాలి, ఫోనులో అడిగినా సరే.

అన్నం మానక్కర్లేదు, సగానికి తగ్గించి ఆ చోట కూర, పప్పు, మజ్జిగ పెంచండి. పళ్ళరసాలు, స్వీట్లు ఈ వారం అసలొద్దు. రాగి జావ మంచిదని గ్లాసులు గ్లాసులు తాగుతారు కానీ పిండి జావగా కాచితే షుగర్ త్వరగానే ఎక్కుతుంది. గుండె, కిడ్నీ సమస్యల వల్ల నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉండకపోతే నీళ్ళు బాగా తాగండి. తిన్నాక పావుగంట నడవండి. ఒకటి రెండు రోజులు మొహం ఎర్రబడి వేడిగా అనిపించవచ్చు, అదీ ఈ ఇంజక్షన్ వల్లే, తగ్గిపోతుంది.

అయితే రెండు మూడు సార్లు వరసగా 300 దాటుతున్నా, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం వస్తున్నా ఆ రోజే డాక్టరుకి చెప్పండి. వాంతులు, మగత ఉంటే ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళండి. జ్వరం వచ్చి, భుజం ఎర్రగా వాచి, నొప్పి మళ్ళీ పెరిగితే అది షుగర్ సంగతి కాదు, కీలులో ఇన్‌ఫెక్షన్ అయి ఉండవచ్చు, అప్పుడూ ఆలస్యం చేయకూడదు.

భుజం పట్టేయడం షుగర్ ఉన్నవాళ్ళలో మిగతావాళ్ళ కంటే ఎక్కువే, కాబట్టి రేపు రెండో భుజానికీ రావచ్చు. అప్పుడు ఇంజక్షన్‌కి ముందే ఇలా 328 దాకా వెళ్ళిందని ఎముకల డాక్టరుకి చెప్పండి, తక్కువ డోసు ఇవ్వవచ్చేమో చూస్తారు. ఇప్పుడైతే నొప్పి లేదు కదా అని చెయ్యి కదపకుండా కూర్చోకండి, గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్ళే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. ఆయాసానికి వారం రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. షుగర్ ఎప్పుడూ లేదు, ఇప్పుడు సాయంత్రం చూస్తే 240. మాత్రలు ఆపేయమంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ అంతట మీరు ఆపకండి, ఆయాసం తిరగబెడితే అది ఇంకా ప్రమాదం. రాసిచ్చిన డాక్టరుకి ఈ 240 సంగతి ఈ రోజే చెప్పండి. పొద్దున వేసుకునే మాత్రకి సాయంత్రం షుగర్ పెరగడం మామూలే, కోర్సు అయ్యాక సాధారణంగా దిగుతుంది. ఇలాంటివాళ్ళలో కొందరికి అప్పటికే షుగర్ ఉండి బయటపడకపోయి ఉంటుంది, అందుకని మాత్రలు అయిపోయిన రెండు వారాలకి పరగడుపున ఒకసారి, మూడు నెలలకి హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే రక్తపరీక్ష) ఒకసారి చేయించండి. ఎప్పుడైనా మూడు వారాలకి మించి స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వస్తే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.