ఆ తమ్ముడిని మళ్లీ చర్చికి రమ్మని ఎలా అడగాలి?

వందనాలు సిస్టర్. క్రిస్మస్ ఆరాధనలో కీబోర్డు తప్పు వాయించాడని పెద్దలు అందరి ముందు కోప్పడటంతో మీ యూత్‌లోని తమ్ముడు చర్చికి రావడం మానేశాడని, ఏ వాక్యం పంపితే బాగుంటుందని అడిగారు. ఇప్పుడే వాక్యాలేవీ పంపకండి. ముందు వాళ్లింటికి వెళ్లండి.

బైబిల్లో తొలి సంఘపు సేవకుడు బర్నబాను చూడండి. యెరూషలేములో శిష్యులందరూ, ఒకప్పుడు తమను హింసించిన సౌలుకు (ఈయనే తర్వాత పౌలు) భయపడుతుంటే, అతని చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే. తర్వాత అంతియొకయ నుంచి తార్సుకు వెళ్లి మరీ వెదికి తెచ్చుకున్నాడు. మార్కు విషయం మీ తమ్ముడికి ఇంకా దగ్గరగా ఉంటుంది. వాళ్లిద్దరితో సేవకు వెళ్లి పంఫూలియాలో పని మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడని పౌలు అతన్ని మళ్లీ వెంట తీసుకెళ్లడానికి ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం పౌలుతో విడిపోవలసి వచ్చినా సరే, మార్కును తీసుకుని కుప్ర (సైప్రస్) దీవికి ఓడ ఎక్కాడు (అపొస్తలుల కార్యములు 15). పని ఇచ్చాడు, పక్కనే ఉన్నాడు. నా దృష్టిలో ప్రోత్సాహమంటే అదే. చివరికి పౌలే, మార్కు నాకు పనికొస్తాడు, వెంటబెట్టుకుని రమ్మని తిమోతికి రాశాడు.

అందుకే ఆ అబ్బాయితో "నువ్వు బాగా వాయించావు" అని అబద్ధం చెప్పకండి, పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. అతను నిజంగా బాగా చేసిన ఒక పని పేరు పెట్టి చెప్పండి. వెంటనే ఆదివారం స్టేజీ ఎక్కమంటే టెన్షన్ పడతాడు. ముందు ఇంటి ప్రార్థనలో ఒక్క పాటకు వాయించమనండి, మీరు పక్కన కూర్చుని పాడండి. కోప్పడిన పెద్దలతో పాస్టరుగారు విడిగా మాట్లాడితే మంచిది. ఆ మాట ఆయన్ని మీరే అడగండి.