పందుల వ్యాక్సిన్ పరిశోధన అంటున్న అమ్మాయి, బయోటెక్ అంటున్న నాన్న

ప్రశ్న: మా అమ్మాయికి గన్నవరం వెటర్నరీ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. పందుల కరోనా వైరస్‌లకు వ్యాక్సిన్లు చేస్తానంటోంది. మాకు బీటెక్ బయోటెక్నాలజీ నయమనిపిస్తోంది. రెండూ పోల్చి చెప్పండి. పందుల డాక్టరంటే రేపు సంబంధాలు వస్తాయా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ దిగులంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. దాని సంగతి తర్వాత. ముందు అమ్మాయి ఏ పని చేస్తానంటోందో తెలుసుకోండి.

2013లో పేగులకు సోకే పీఈడీ అనే కరోనా వైరస్ అమెరికా ఫారాల్లోకి వచ్చినప్పుడు, వారం కూడా నిండని పందిపిల్లలు విరేచనాలతో కుప్పలుగా చనిపోయాయి. అంత పసిపిల్లకు టీకా వేసినా అది పనిచేసేలోపే ప్రాణం పోతుంది. అందుకే తల్లికి వేస్తారు, రక్షణ పాల ద్వారా పిల్లకు అందుతుంది. తల్లి పేగుకు బతికున్న వైరస్ తగిలితే పాలలోకి పిల్ల పేగును కాపాడే ఐజీఏ యాంటీబాడీలు బాగా దిగుతాయి. చంపిన వైరస్ ఇంజెక్షన్‌తో అంత ఫలితం రాదు.

చిక్కల్లా ఆ బతికున్న వైరస్‌తోనే. బలహీనపరిచింది మళ్లీ బలం పుంజుకోవచ్చు, ఫారంలో తిరిగే అసలు వైరస్‌తో జన్యు ముక్కలు మార్చుకోవచ్చు. 1996లో డెన్మార్క్‌లో పీఆర్ఆర్ఎస్ అనే మరో పంది వైరస్ లైవ్ వ్యాక్సినే తిరగబడి రోగం తెచ్చింది. అందుకే ఇప్పుడు వైరస్‌లోని ఎన్ఎస్‌పీ15, ఎన్ఎస్‌పీ16 లాంటి ప్రోటీన్లను దెబ్బతీస్తున్నారు. వైరస్‌ను పంది శరీరం కంటపడకుండా దాచేవి అవే. జన్యువులో ఒక్క అక్షరం మారిస్తే అది వెనక్కి మారిపోగలదు కాబట్టి నాలుగైదు చోట్ల మార్చాలి. మరీ ఎక్కువ మారిస్తే వైరస్ పేగులో పెరగదు, రక్షణ రాదు.

ల్యాబ్‌లో చేతిపని ఇలా ఉంటుంది. వైరస్ వేసేముందు వెరో సెల్స్‌ను (ల్యాబ్‌లో పెంచే కోతి కిడ్నీ కణాలు) పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండు మూడుసార్లు కడగాలి. సెల్స్ పెరగడానికి వేసిన సీరం మిగిలిపోతే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు, ట్రిప్సిన్ లేనిదే ఈ వైరస్ సాధారణంగా సరిగా పెరగదు. మిల్లీలీటరుకు 5–10 మైక్రోగ్రాములు వేస్తారు. ఎక్కువైతే సెల్స్ పొర ఊడి వచ్చేస్తుంది. సెల్స్‌ను వైరస్ చంపిందో, ట్రిప్సిన్ లేపిందో తేలాలంటే వైరస్ వేయని ఫ్లాస్కు పక్కనే ఉండాలి. ఆ తర్వాత పందిపిల్లల దశ: ఒక బ్యాచ్ మలంలో దొరికిన వైరస్‌ను తర్వాతి బ్యాచ్‌కిస్తూ ఐదు బ్యాచ్‌ల దాకా తిరగబడుతుందేమో చూస్తారు. పేగు కోసి లోపలి గోడ మీద వేళ్లలా ఉండే విల్లై పొడవు కొలుస్తారు. ఇక్కడ వెటర్నరీ చదివినవాళ్లు కావాలి.

బయోటెక్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్లినవాళ్లు ల్యాబ్ పని చక్కగా చేస్తారు. నా అనుమానమంతా ఉత్త బీటెక్ మీదే. బ్రోషర్ నిండా వ్యాక్సిన్ బొమ్మలుంటాయి. నాలుగేళ్లలో విద్యార్థి స్వయంగా ఎన్నిసార్లు సెల్స్ పెంచుతాడని కాలేజీని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి. ఆ డిగ్రీ చేతపట్టుకుని అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు వెతుక్కునే పిల్లలు చాలామంది.

ఇక సంబంధాలు. పిల్ల ఇంత కష్టమైన పని ఎంచుకుంటే మీరు పెళ్లి బేరం లెక్కలు చూస్తున్నారు, ఇది తప్పు. ఆ మాట ఇంకోసారి ఆమె ముందు అనకండి. వెటర్నరీ డిగ్రీ బీవీఎస్సీలో గేదెలు, కోళ్లు, కుక్కలు అన్నీ ఉంటాయి. ఐదున్నరేళ్ల తర్వాత ఆమె మనసు మారినా పశువైద్యశాల, పౌల్ట్రీ, సొంత క్లినిక్ ఉన్నాయి. మారకపోతే మైక్రోబయాలజీలో ఎంవీఎస్సీ అనే పీజీ, ఆపై పీహెచ్‌డీ. మొత్తం పదేళ్ల చదువు, అది దాచను. బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ, పందులకు వచ్చే క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు సెల్ కల్చర్ లైవ్ వ్యాక్సిన్ తయారుచేసింది, గువాహటి దగ్గర రాణిలో పందుల పరిశోధన కేంద్రం ఉంది. కాబట్టి పని నేర్చుకోవడానికి విదేశమే పోనక్కర్లేదు.

కౌన్సెలింగ్‌కు ముందే ఒకరోజు అమ్మాయితో గన్నవరం వెళ్లండి. మైక్రోబయాలజీ విభాగం చూడటానికి అనుమతి అడగండి. గేటు దగ్గర ఆగిపోకుండా మీరూ లోపలికి వెళ్లి చూడండి.