ముందుగాల లెక్కలు బయటికి తియ్యి, బిడ్డా

బిడ్డా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ ఎరువుల షాపు ల్యాప్‌టాప్ల అప్‌డేట్ నడుస్తుంటే కరెంటు పోయిందట, అప్పటి సంది నీలం తెర తప్ప ఇంకేం వస్తలేదట, ఆదివారం నువ్వే కూసొని బాగుచేస్తనన్నవట. విని మస్తు సంబురపడ్డ. నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్‌ల చెప్తే సగం గాలికి పోతదని రాస్తున్న. అంతా చదివినాకనే మిషన్ ముట్టు.

నువ్వు చెయ్యగలవా అన్న అనుమానం నాకు లేదు. ఎండకాలం సెలవులకు హన్మకొండ వచ్చి, నయీంనగర్ల నా డీటీపీ సెంటర్‌ల మౌస్ బోర్లేసి, కింది మూత తిప్పి, లోపలి గుండు బయటికి తీసి, పట్టిన మట్టిని గోటితోటి గీకిన పిల్లవు నువ్వు. ఎవ్వరూ చెప్పలేదు నీకు. మళ్ల పెట్టినాక ఆ మౌస్ మంచిగ నడిచింది. "ఆడపిల్లకు గీ రిపేర్లెందుకు, ఎవరికన్న ఇద్దాం" అని మా బావ, అదే మీ నాయిన, అన్నడట. ఆ మాట పట్టించుకోకు. అయితే ఆ మిషన్‌ల ఏమున్నదో నీకంటే నాకే ఎక్కువ బుగులున్నది. జమ్మికుంట చుట్టుపక్కల ఊర్ల రైతులు ఎరువులు, విత్తనాలు ఉద్దెరకు తీసుకపోయిన లెక్క అంతా అండ్లనే ఉన్నది. పత్తి మార్కెట్‌కు వచ్చినాక కట్టే పైసలవి. విండోస్ పోతే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఎన్నిసార్లయినా దించుకోవచ్చు. ఆ ఖాతాలను ఎక్కడ నుంచి దించుకుంటవ్?

ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎన్నడో చచ్చిపోయింది కద. చార్జర్‌ను షాపు ఇన్వర్టర్ లైనుకు పెట్టు, ఇంకో మాట లేదు.

తర్వాత రికవరీ కీ. ఇది మామూలు ముచ్చట కాదు. ఇప్పుడొచ్చే మిషన్లల్ల విండోస్ 11 చాలాసార్లు మనకు తెల్వకుండనే డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం వేసి ఉంచుతది. మామూలుగ నడిచినన్ని రోజులు కనిపించది. పాడైనప్పుడు, లేకుంటే మిషన్ ఆన్ కాంగనే మొదట నడిచే బయోస్‌ల ఏదన్న మార్చినప్పుడు, 48 అంకెల కీ అడుగుతది. అది లేకుంటే డిస్క్ ఊడదీసి ఇంకో మిషన్‌కు పెట్టినా ఒక్క ఫైలు కూడ చదవరాదు. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది. మరి ఆ అకౌంట్ ఎవరిది? బావదా, నీదా, ల్యాప్‌టాప్ అమ్మినప్పుడు మొదటిసారి ఆన్ చేసిచ్చిన పిల్లగానిదా? అది ఇయ్యాలే అడుగు. ఫోన్‌ల ఆ అకౌంట్‌కు లాగినై కీ చూసి, కాయితం మీద రాసుకో. అది చేతిల లేకుండ విండోస్‌ను మళ్ల మొదటి నుంచి ఎక్కించే రీసెట్ బటన్ దగ్గరికి పోకు.

ఇగ అసలు సంగతి. నేను ఎందుకు గింతగనం భయపడుతున్ననో తెల్వాలంటే ఒకటి చెప్పాలె.

పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో మా సెంటర్ పక్కన ఒక రిపేరు షాపు ఉండె. యూనివర్సిటీల పీహెచ్‌డీ చేసే ఒకాయన తన కంప్యూటర్ మోసుకొని వచ్చిండు. ఆన్ చేస్తే మధ్యల్నే ఆగిపోతున్నది. షాపాయన అడగాల్సిన ప్రశ్నే అడిగిండు: "సార్, ముఖ్యమైనయి ఏమన్న ఉన్నయా?" స్కాలర్ కూడ నిజమే చెప్పిన అనుకున్నడు: "ఉన్నయి, కానీ సీ డ్రైవ్‌ల ఏం లేవు, అన్నీ కండ్ల ముంగటనే పెట్టుకున్న." ఆ కండ్ల ముంగట అన్నది డెస్క్‌టాప్. డెస్క్‌టాప్ ఉండేదే సీ డ్రైవ్‌ల. ఆయనకు తెల్వది. ఈయన రెండో ప్రశ్న అడగలేదు. సీ ఫార్మాట్ కొట్టిండు.

అంతవరకే అయితే ఎంతో కొంత దొరుకుతుండె. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన పాత డిస్క్ మీద రాతలు వెంటనే పోవు, వాటి జాడ చెప్పే పట్టికనే పోతది. కానీ దాని మీదనే ఎక్స్‌పీ ఎక్కించిండు, ఆఫీస్ ఎక్కించిండు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్, సినిమా పాటలు కూడ ఎక్కించిండు, కస్టమర్ సంబురపడాలని. సాయంత్రం స్కాలర్ వచ్చి తెర చూసిండు. ఖాళీ డెస్క్‌టాప్, పచ్చ గుట్ట బొమ్మ. "నా చాప్టర్లు ఏవి?" అన్నడు. అప్పుడు షాపాయన ఇంకో తప్పు చేసిండు. పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ తెచ్చి, అదే సీ డ్రైవ్‌ల ఎక్కించిండు. దొరికిన ఫైళ్లను కూడ అదే డ్రైవ్‌ల దాపెట్టిండు. ఒక ఫైలు తీస్తుంటే ఇంకో ఫైలు మీద రాత పడుతున్నది. చివరికి మిగిలినయి తెరిస్తే డబ్బాలు డబ్బాలుగ అక్షరాలు. మా సెంటర్‌ల ప్రింటు తీసుకున్న రెండు చాప్టర్ల కాయితాలు ఆయన ఇంట్ల ఉన్నయి కాబట్టి వాటిని మళ్ల టైపు చేసిచ్చిన. మిగతాది ఆయన మొదటి నుంచి రాసుకున్నడు. మా బల్ల ముంగట కూసొని, రాసింది మతికి తెచ్చుకుంట తెచ్చుకుంట మధ్యల ఆగి కిటికీ దిక్కు చూసేటోడు. ఆ మొఖం నాకు ఇప్పటికీ యాదికున్నది.

ఇప్పటి ల్యాప్‌టాప్లల్ల పరిస్థితి ఇంకా కష్టం. ఎస్ఎస్‌డీల, అంటే తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్క్‌ల, చెరిపేసిన జాగను ట్రిమ్ అనే పని నిజంగనే ఖాళీ చేసేస్తది. ఫార్మాట్ అయినాక వెతికి తీద్దామన్న ఆశ దాదాపు పెట్టుకోవద్దు. పైగా చాలా మిషన్లకు ఒక్క సీ డ్రైవే ఉంటది, "డీ ల దాపెట్టిన" అనే మాటే లేదు.

అందుకే రిపేరుకు ముందుగాల కాపీ. విండోస్ లేవకున్నా చెయ్యవచ్చు. నీలం తెర మీద ట్రబుల్‌షూట్, అండ్ల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అండ్ల కమాండ్ ప్రాంప్ట్. నల్ల కిటికీ వస్తది. నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌ల కొట్టి ఎంటర్ నొక్కు. ఖాళీ నోట్‌ప్యాడ్ తెరుసుకుంటది. ఫైల్, ఓపెన్ అను. కింద టెక్స్ట్ ఫైల్స్ అని ఉన్నకాడ ఆల్ ఫైల్స్ పెట్టు, లేకుంటే ఏం కనిపించయి. ఇగ అదే నీకు ఫైళ్ల కిటికీ: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, కాపీ, బయటి డిస్క్‌ల పేస్ట్. డ్రైవ్ అక్షరాలు అక్కడ మారి ఉండొచ్చు, సీ అన్నది డీ అని కనిపిస్తే ఆగం కాకు, లోపల యూజర్స్ ఫోల్డర్ ఉన్నదా చూడు. పెద్ద ఫోల్డర్ కాపీ అయితుంటే అంతా బిగుసుకపోయినట్టు కనిపిస్తది. నిమ్మళంగ ఉండు, ఆపకు.

లోపల పాత హార్డ్ డిస్క్ ఉండి టక్ టక్ అని చప్పుడు చేస్తే మాత్రం అక్కడనే బంద్ చెయ్యి. డిస్క్‌ల తప్పులు వెతికే చెక్‌డిస్క్ అసలే నడపకు. చావుబతుకుల మీద ఉన్న డిస్క్‌ను అది ఇంకా ఉరికిస్తది.

ఏమేం కాపీ చెయ్యాలె? యూజర్స్ మొత్తం, పబ్లిక్ ఫోల్డర్‌తోటి సహా. షాపు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా కొన్నిట్ల ఆ పబ్లిక్‌లనే ఉంటది, కొన్నిట్ల సీ డ్రైవ్ మీదనే వేరే ఫోల్డర్‌ల ఉంటది. కంపెనీ పేరుతోటి వెతికితే దొరకది, ఉత్త అంకెలే ఫోల్డర్ పేరు. ఎవరన్న ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల పెట్టిండ్రా అన్నది కూడ చూడు. ఎందుకంటే రీసెట్‌ల "కీప్ మై ఫైల్స్" నొక్కినా ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్ డేటా, విండోస్, యాప్‌డేటా, ఈ నాలుగూ నిలువవు. ఆ మాట నమ్మి మస్తు మంది బుక్‌మార్కులు, ఫాంట్లు పోగొట్టుకున్నరు.

కాపీ అయినాక ఇంకో మిషన్‌ల ట్యాలీ పెట్టి తెరిచి చూడు. ఎవరన్న ఒక రైతు ఖాతా తీసి, బావ చేతి బుక్కుతోటి బాకీ సరిచూడు. సైజు సరిపోయింది అంటే నేను ఒప్పుకోను.

అటెన్క రిపేరు నీ ఇష్టం. స్టార్టప్ రిపేర్ చూడు, కాకుంటే చివరి అప్‌డేట్ తీసెయ్యి, కాకుంటే సిస్టమ్ రీస్టోర్. విండోస్ లేచిందంటే పాడైన విండోస్ ఫైళ్లను సరిచేసే కమాండ్లు, ముందు డిస్మ్, తర్వాత ఎస్ఎఫ్‌సీ, నడుపు. అప్పటికీ కాకుంటే రీసెట్. పెన్‌డ్రైవ్‌తోటి కొత్తగ ఎక్కించాల్సి వస్తే, డ్రైవ్‌ల పట్టిక వచ్చే తెర మీద డిలీట్, ఫార్మాట్ అనే రెండింటిని ముట్టకు. ఫార్మాట్ లేకుండ అదే డ్రైవ్ మీద ఎక్కిస్తే పాత విండోస్, యూజర్స్, ప్రోగ్రామ్ ఫైల్స్ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లకు పోతయి. అది కూడ 10 రోజులు దాటితే తనంతట తనే చెరిగిపోవచ్చు.

అన్నట్టు, ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఇప్పటికే తయారు చేసుకున్న అన్నవట. ఏ పెన్‌డ్రైవ్ అది? మీ అమ్మ బతుకమ్మ ఫొటోలు పెట్టుకున్నదేనా? తయారు చేసేటప్పుడు అండ్ల ఉన్నదంతా పోతది బిడ్డా. అడిగి చేసినవా, అడగకుండ చేసినవా? కోపం చేస్తలేను, పోతే చెప్పు. అండ్ల ఇంకేం రాయకుండ పక్కకు పెట్టు, నేను చూస్త.

కాపీకి డిస్క్ కొనకు. నా దగ్గర 1 టీబీది ఖాళీగ ఉన్నది, శనివారం పొద్దుగాల జమ్మికుంట వచ్చే మన ప్రెస్ పిల్లగాని చేతికిచ్చి పంపుత. కీ దొరికినాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

పైలం.

నీ మేనమామ
హన్మకొండ