కారా, కరెంటు బండా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఆఫీసు మాదాపూర్‌లో, రానూపోనూ 20 కిలోమీటర్లు. మావారు లోన్ పెట్టి కారు కొందామంటున్నారు. నా మనసేమో ఎలక్ట్రిక్ స్కూటర్ మీదుంది. ఏం చేయమంటారు?

జవాబు: నా ఓటు మీకేనమ్మా. మూడేళ్లుగా నేను తిరిగేది కరెంటు బండి మీదే. మా కారు సెల్లార్‌లో దుమ్ముకొట్టుకుపోయి పిల్లికి పడకైంది. 3 యూనిట్ల బ్యాటరీ నిండటానికి మూడున్నర యూనిట్ల దాకా కాలుతుంది. మీకది మూడు రోజులొస్తుంది. ఇక సాయంత్రం ఆరున్నరకి హైటెక్ సిటీ రోడ్డు మీద కారు సంగతి మీకు నేను చెప్పాలా?

కొనేముందు ప్లగ్గు చూసుకోండి. మొదట్లో నేను మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీశాను. ఓ రాత్రి ప్లగ్గు కరిగి, ఇల్లంతా కమురు వాసన! మర్నాడే మా మీటరు నుంచి విడిగా వైరు లాగించి, సెల్లార్‌లో 15 ఆంప్స్ సాకెట్ పెట్టించా. ‘కామన్ కరెంటు వాడేస్తోంది’ అన్న గొణుగుడూ ఆగింది.

లైసెన్సు అక్కర్లేదంటూ అమ్మే, గంటకు 25 కిలోమీటర్లు దాటని బండి మాత్రం వద్దు. ఫ్లైఓవర్ ఎక్కితే వెనకాల హారన్లతో చెవులు చిల్లులే. తెలంగాణలో 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేశారు. 2026 డిసెంబరు దాకా అని చెప్పారు. వాన కష్టమే, కాదనను. డిక్కీలో రెయిన్‌కోటు ఉంచుకోండి, మోకాల్లోతు నీళ్లలోకి బండి దింపకండి. పట్టుచీర కట్టుకుని పెళ్లికెళ్లే రోజున క్యాబ్ ఉండనే ఉంది.