మిషన్‌కి వెళ్ళే కుర్రాడి కథ రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

మిషన్‌కి, అంటే రెండేళ్ళ మతప్రచారానికి, ఇల్లు వదిలి వెళ్ళే కుర్రాడి మీద నువ్వు రాసిన కథ చదివాను. వాడు మోర్మన్లనే క్రైస్తవ శాఖవాడు. "మొహమాటం లేకుండా చెప్పండి బాబాయ్" అన్నావు కాబట్టి చిన్న తప్పులు ముందు చెప్పేస్తాను. నీ కథ 2015లో యూటాలో, మీరుండే లీహైలోనే జరుగుతుంది. అందులో ఆ కుర్రాడి తల్లి నీకు కాఫీ కలిపి ఇస్తుంది. నియమం పాటించే మోర్మన్ల ఇంట్లో కాఫీ, టీ రెండూ ఉండవు. వేడి చాక్లెట్ ఇప్పించు. ఇంకోచోట ఆవిడ "వారం వారం మాట్లాడుకుంటాంలే" అంటూ కళ్ళు తుడుచుకుంటుంది. అప్పట్లో మిషనరీలు ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మిగతా రోజుల్లో వారానికో ఈమెయిల్. వారానికోసారి మాట్లాడుకోనిచ్చింది 2019 ఫిబ్రవరి నుంచి. రెండేళ్ళలో కొడుకు గొంతు నాలుగుసార్లే వినబోయే తల్లిని నువ్వు చాలా తేలిగ్గా ఏడిపించి వదిలేశావు.

ఇక అసలు సంగతి. నీ కుర్రాడు అర్ధరాత్రి లేచి కూర్చుని తమ మోర్మన్ గ్రంథానికి మూలమని చెప్పే బంగారు రేకులు నిజమా, తొలి తరాలవాళ్ళ బహుభార్యాత్వం సంగతేమిటి అని నాలుగు పేజీలు తనతో తనే వాదించుకుంటాడు. అవి నీ సందేహాలమ్మా. ఇలాంటివి అడిగే మోర్మన్ పిల్లలు లేరని కాదు, బోలెడంతమంది ఉన్నారు. కానీ మొదటి పది పేజీల్లో నువ్వు చూపించినవాడు అలాంటివాడు కాడు. బడి వేళల్లోనే ఒక పీరియడు చర్చివాళ్ళ మతబోధ క్లాసుకి నిద్రమొహంతో వెళ్ళేవాడు, చెల్లెల్ని ఏడిపించేవాడు, చర్చి హాల్లో బాస్కెట్‌బాల్ ఆడేవాడు. వాడి భయం పుస్తకాల్లోంచి రాదు. ఎక్కణ్ణుంచి వస్తుందో వాళ్ళ లోపలికి వెళ్ళి వెతకాలి.

వాళ్ళ పిల్లలు ఏ కథ వింటూ పెరుగుతారో ఆలోచించు. 1820లో, న్యూయార్క్ రాష్ట్రంలో, తర్వాత ఈ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్, అప్పటికి 14 ఏళ్ళ కుర్రాడు, ఏ చర్చి సరైనదో తేల్చుకోలేక చెట్ల మధ్యకి వెళ్ళి మోకరించాడు, దేవుడూ యేసూ కనిపించారు అని. మోర్మన్ గ్రంథం చివర్లోనూ అదే మాట ఉంటుంది: చదివి, నిజమో కాదో దేవుణ్ణే అడుగు, పరిశుద్ధాత్మ నీకు తెలియజేస్తాడు. ఇప్పుడు 18 ఏళ్ళ మనవాడు చదివాడు, అడిగాడు. ఏదో వెచ్చగా అనిపించింది. అది దేవుడి జవాబా, అమ్మ సంతోషపడుతుందన్న సంతోషమా? పక్కింటివాడికి కన్నీళ్ళు వచ్చాయట, తనకి రాలేదు. 14 ఏళ్ళవాడికి దొరికింది తనకి ఎందుకు దొరకలేదు? రాత్రిపూట ఆ కుర్రాణ్ణి నిద్రపోనివ్వనిది ఇది. బంగారు రేకుల గురించి వాడు ఆలోచించడు. తన గుండె గురించి ఆలోచిస్తాడు.

నేను మా అమ్మాయి దగ్గరున్నప్పుడు పక్కింటివాళ్ళు పిలిస్తే ఒక నెల మొదటి ఆదివారం వాళ్ళ ఆరాధనకి వెళ్ళాను. ఆ రోజు ఉపవాసం ఉంటారు, తినని రెండు పూటల ఖర్చూ బీదవాళ్ళకి ఇస్తారు. ప్రసంగం ఉండదు. ఎవరికి అనిపిస్తే వాళ్ళు లేచి ముందుకెళ్ళి సాక్ష్యం చెబుతారు. నాలుగైదేళ్ళ పిల్లలు కూడా వెళ్తారు. తండ్రి పక్కన కూర్చుని చెవిలో చెబుతుంటే, "ఈ సంఘం సత్యమని నాకు తెలుసు" అని ఆ పిల్ల మైకులో అంటుంది. అందరూ నవ్వుతారు, ముద్దుగా. నీ కుర్రాడూ అలా చెప్పే పెరిగాడు. ఆ వాక్యం వాడికి అక్షరాలు రాకముందే వచ్చింది. ఇప్పుడు అదే వాక్యాన్ని ముక్కూమొహం తెలియని వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, తండ్రి పక్కన లేకుండా చెప్పాలి.

వాళ్ళ సంఘాన్ని నడిపే పెద్దల్ని అపొస్తలులంటారు. వాళ్ళల్లో బోయిడ్ ప్యాకర్ అనే ఆయన 1982లో మిషనరీల పైన ఉండే మిషన్ అధ్యక్షులతో మాట్లాడుతూ, సాక్ష్యం అనేది చెప్పడంలోనే దొరుకుతుంది అన్నారు. అంటే పూర్తిగా తెలిశాక చెప్పడం కాదు, చెబుతూ వెళ్తే తెలుస్తుందని. మనలాంటివాళ్ళకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. లేని నమ్మకాన్ని ఉందని చెప్పించడమే కదా అని సంఘాన్ని వదిలి వచ్చినవాళ్ళు కోపంగా అడుగుతారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఈత వచ్చాకే నీళ్ళలో దిగుతానంటే ఎలా అని లోపలివాళ్ళు అంటారు. నీ కథ ఈ రెంటి మధ్యలో ఉండాలి. నువ్వు జడ్జివి కావు. వాడు తెలిసి వెళ్ళడం లేదు, తెలుసుకోవడానికి వెళ్తున్నాడు, పైగా తెలుసు అని చెబుతూ వెళ్తున్నాడు. ఇంతకంటే కథకి ఏం కావాలి?

దీన్ని మాటల్లో చెప్పకు, పనుల్లో చూపించు. మిషన్‌కి ముందు ఎన్ని పనులుంటాయో నీకు నాకంటే బాగా తెలుసు. బిషప్, అంటే వాళ్ళ స్థానిక సంఘం పెద్ద, చేసే ఇంటర్వ్యూ, డాక్టర్ కాగితాలు, పళ్ళ డాక్టర్. దూరదేశంలో ఇబ్బంది రాకుండా ముందే జ్ఞానదంతాలు పీకించుకుని, బుగ్గలు వాచి, ఐస్‌క్రీమ్ తింటూ మోర్మన్ గ్రంథం చదివే కుర్రాడు నీ వీధిలోనే ఉండి ఉంటాడు. వాణ్ణి ఎందుకు వదిలేశావు? ఖర్చు కూడా. అప్పట్లో అమెరికా కుర్రాడికి నెలకి 400 డాలర్లు, 24 నెలలకి 9,600. జీతం రాకపోగా ఎదురు కట్టాలి. వేసవంతా గడ్డి కోసి, బర్గర్ల కొట్లో పనిచేసి దాచిన డబ్బు అది. 18 ఏళ్ళవాడు కారు కొనుక్కోకుండా ఆ డబ్బు ఇందులో పెట్టాడంటే, వాడి విశ్వాసం గురించి నీ నాలుగు పేజీలకంటే ఎక్కువ చెప్పినట్టే.

ఇంకోటి. 2012 అక్టోబర్‌లో మిషన్‌కి వెళ్ళే అబ్బాయిల కనీస వయసు 19 నుంచి 18కి తగ్గించారు. వాడి అన్న ఒక ఏడాది కాలేజీలో గడిపి, నలుగుర్ని చూసి వెళ్ళాడు. వీడు హైస్కూల్ గౌను విప్పి సూటు తొడుక్కుంటున్నాడు. అన్నదమ్ముల మధ్య ఒక సంభాషణ ఇక్కడ ఊరికే దొరుకుతోంది నీకు.

మిషన్ ఎక్కడో చెబుతూ సంఘం పంపే పిలుపు ఉత్తరం తెరిచే సీన్ బాగుంది, కానీ తొందరగా ముగించావు. 2015 కాబట్టి పెద్ద తెల్ల కవరు పోస్టులో వస్తుంది, సరిగ్గానే రాశావు. బంధువులంతా చేరి, ఏ దేశమో అని పందేలు కాస్తారు. చోటు ఎంచుకునే హక్కు వాడికి లేదు, దేవుడే పంపుతున్నాడని నమ్మకం. నువ్వు బ్రెజిల్ ఇచ్చావు, అందరూ చప్పట్లు. అమెరికాలోనే ఉన్న నెబ్రాస్కా ఇచ్చి చూడు. పెద్దగా చదువుతూ ఆ పేరు దగ్గర గొంతు ఒక్క క్షణం తగ్గి, వెంటనే నవ్వు తెచ్చుకుంటాడే, ఆ క్షణంలో వాడి నమ్మకం ఎంతో పాఠకుడే కొలుచుకుంటాడు.

వాడి వెనక తాతలు కూడా ఉంటారని మర్చిపోకు. 1839లో తొలితరం అపొస్తలులు బ్రిగమ్ యంగ్, హీబర్ కింబల్ మిషన్ మీద ఇంగ్లండ్ బయల్దేరినప్పుడు ఇద్దరికీ చలిజ్వరం. ఇంట్లో భార్యలూ జబ్బుతో ఉన్నారు, యంగ్‌కి అప్పుడే పుట్టిన పసిబిడ్డ. బండి కొంతదూరం పోయాక కింబల్ ఆపించి, ఇలా వెళ్ళడం కష్టంగా ఉంది, లేచి వాళ్ళని ఉత్సాహపరుద్దాం అన్నాడట. ఇద్దరూ నిలబడలేక నిలబడి, టోపీలు ఊపుతూ "హుర్రే ఫర్ ఇజ్రాయెల్" అని అరిచారు. ఇజ్రాయెల్ అంటే వాళ్ళ లెక్కలో దేవుడి ప్రజలు, తామే. ఆదివారం బడిలో ఇలాంటివి విని పెరిగినవాడు "నాకు టెన్షన్‌గా ఉంది" అని ఎవరితో అంటాడు? వెళ్ళి మధ్యలో తిరిగొచ్చేస్తే వార్డులో, అంటే తమ స్థానిక సంఘంలో, నలుగురూ ఎలా చూస్తారో వాడికి తెలుసు. దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు నీ కథలో.

మనవాళ్ళ సంగతి కలపాలని వాణ్ణి వివేకానందుడితో పోల్చావు. అది తీసెయ్. నిజమైన లింకు ఇంకోటి ఉంది. 1970లలో పసిఫిక్ దీవుల్లోని సమోవాలో ఉద్యోగం చేస్తున్న తెలుగు దంపతులు, ధర్మరాజు గారూ ఆయన భార్యా అక్కడ ఈ సంఘంలో చేరి, 1978లో హైదరాబాద్ వచ్చి తమ బంధువులకి బోధించారు. బాప్తిస్మాలు జరిగాయి. ఇప్పుడు హైదరాబాద్, రాజమండ్రిల్లో సంఘాలున్నాయి, అక్కణ్ణుంచీ పిల్లలు మిషన్‌కి వెళ్తారు. అక్కడి కుర్రాడి కథ ఇంకోలా ఉంటుంది. ఇంజనీరింగ్ సీటు వదులుకుని వెళ్తావా అనే మేనమామ ఉంటాడు అందులో. ఇది వేరే కథ, దీంట్లో ఇరికించకు.

ముగింపులో వాడు ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి తిరిగి రావడం నాకు నచ్చలేదు. వెళ్ళకూడదని కాదు, వెళ్ళాలనీ కాదు. వాడు వెనక్కి రావడం నీకు కావాలి కాబట్టి వచ్చాడు. ముందు రోజు రాత్రి కొన్ని వార్డులకి పెద్ద అయిన స్టేక్ ప్రెసిడెంట్ వాడి తల మీద చేతులుంచి మిషనరీగా నియమిస్తాడు కదా, దానితో ఆపేసి చూడు. ఏమనిపించిందో వాడితో చెప్పించకు.

తిరగరాశాక మీ పక్కింటి మోర్మన్ ఆవిడకి కథంతా తర్జుమా చేసి వినిపించు. నొచ్చుకుంటుందేమోనని మెత్తబరచొద్దు, తప్పులు మాత్రం పట్టనియ్యి. పత్రికకి పంపడానికి తొందరేం లేదు, ముందు నాకు పంపు. ఈసారి పేజీ నంబర్లు వెయ్యి తల్లీ, కాగితాలు కలిసిపోయి నానా తంటాలు పడ్డాను.

ఆశీస్సులతో,
మీ బాబాయ్