చిన్నాయన బోరు చాలు నీ హీరోకి

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నువ్వు పంపిన 24 పేజీల కామిక్ స్క్రిప్టు రెండుసార్లు చదివినాను. అనంతపురం పిల్లోడికి నేల లోపలికి చూసే శక్తి రావడం చాలా బాగుంది. 9వ పేజీ దాకా పట్టు సడలలేదు. 10వ పేజీలో వేరే గ్రహం సైన్యం దిగి భూమిని చీలుస్తామనేసరికి కథ చేజారిపోయింది.

భూమి పగలదని చదివేవాడికి ముందే తెలుసు. పగిలితే రెండో సంచిక యాడుంటుంది? అదే ఒక మనిషి చేను పోవచ్చు, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోవచ్చు. వాటిని నువ్వు నిజంగా పోగొట్టినా తర్వాతి కథ నడుస్తుంది. చదివేవాడికి భయం పుట్టేది అక్కడే. పైగా ఈసారి భూమి అయితే, వచ్చేసారి అంతకన్నా పెద్దది పెట్టాల. ఎంతని పెంచుకుంటూ పోతావు?

1938లో వచ్చిన సూపర్‌మ్యాన్ మొదటి కథలో లోకమేమీ మునిగిపోదు. మరణశిక్ష పడిన నిరపరాధిని కాపాడతాడు, పెండ్లాన్ని కొట్టేవాణ్ణి ఆపుతాడు. 1966 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 33వ సంచిక అయితే ముందర పెట్టుకుని చదువు. బండెడు ఇనుము కింద ఇరుక్కుని ఉంటాడు, పైనుంచి నీళ్లు కారుతుంటాయి, తనను సాకిన మే ఆంటీకి ప్రాణం పోసే మందు చెయ్యి అందని దూరంలో పడి ఉంటుంది. ఆ ఇనుము ఎత్తడానికే బొమ్మలేసిన స్టీవ్ డిట్కో ఐదు పేజీలు ఖర్చుపెట్టినాడు. ఫ్రేములు పోనుపోను పెద్దవై, చివరికి పేజీ అంతా ఒకటే బొమ్మ. పణంగా ఉన్నది ఒక్క ముసలామె ప్రాణం.

నీ కథలోనూ ఆ మందు ఉంది. 4వ పేజీలో తగిలించి వదిలేసినావు. చిన్నమ్మ గాజులు కుదువబెట్టి చిన్నాయన పిలిపించిన బోరు బండి అది. సైన్యాన్ని తీసేసి, 10 నుంచి 21 దాకా ఆ ఒక్క రాత్రే రాయి.

ముందు శక్తికి హద్దు పెట్టు. వాడి చూపు 500 అడుగుల దాకానే పారనీ, ఆ సంగతి 3వ పేజీలోనే తేలిపోనీ. హద్దు లేకపోతే నీళ్లున్న చోటు చూపించేస్తాడు, కథ అయిపోతుంది. కొబ్బరికాయ అరచేతిలో లేచి నిలబడితే అక్కడ నీళ్లుంటాయని నమ్మి చిన్నాయన బోరు పాయింట్ పెట్టించినాడు. 500 దాకా చుక్క లేదని పిల్లోడికి తెలుసు, ఆ కింద ఏముందో వాడికీ తెలియదు. చెబితే తన గుట్టు బయటపడుతుంది. ఊరుకుంటే అడుగుకింతని డబ్బు పోతుంది, లోతు పోయేకొద్దీ ఆ రేటూ పెరుగుతుంది. అందుకే 100 అడుగుల దగ్గర నోరు విప్పడం వేరు, 500 దగ్గర విప్పడం వేరు. బోరు వేసే రాడ్డు 20 అడుగులనుకో, రాడ్డు మార్చినప్పుడల్లా ఒక చిన్న ఫ్రేమ్. చిన్నాయన వేళ్ల మీద లెక్కపెడుతుంటాడు. తెల్లటి రాతిపొడి ఆయన రెప్పల మీద పేరుకుంటుంది. చిన్నమ్మ ఆ పొడిని పిడికిట్లోకి తీసుకుని, తడి తగులుతుందేమోనని నలిపి చూస్తుంది. మట్టిగాజులు మాత్రమే మిగిలిన ఆ చేతిని సగం పేజీ గీయించు.

ఇది పండాలంటే చిన్నమ్మ అంతకుముందే మూడుసార్లన్నా కనిపించాల, అదీ బోరుతో సంబంధం లేని పనుల్లో. చిక్కుల్లో పడేటప్పుడే పరిచయమైన మనిషి కోసం ఎవరూ దిగులుపడరు. హీరోకి కోపం తెప్పించడానికి ఒక ఆడమనిషిని ఎత్తుకుపోవడం, చంపడం చాలామంది చేసేదే. దయచేసి ఆ దారి పట్టొద్దు, అందులో ఆమె గోడు ఉండదు.

విలన్ కావాలా? పక్క చేనిలో పెద్దనాయన బోరు ఉంది. రెండింటికీ ఒకటే నీటిపొర అని పిల్లోడికి తర్వాత తెలిసిరానీ. చిన్నాయనకు నీళ్లు పడితే ఆ బోరు తగ్గిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు, అయినా ఎవరో ఒకరు నష్టపోతారు. దీన్ని రెండో సంచికకు దాచుకో.

మాటల బుడగలో పన్నెండు మాటలు దాటనీకు, తెలుగు మాటలు పొడుగు, బొమ్మను మింగేస్తాయి. చిన్నాయన నోట "భూగర్భ జలాలు" కొట్టేయి. ఆయన "నీళ్లు పడినాయా?" అంటాడు.

22వ పేజీలో బోరు బండి ఆగిపోయినాక ఆయన పిల్లోడి వైపు చూస్తాడు కదా, ఆ ఫ్రేములో బుడగ పెట్టొద్దు.